ఎల్లారెడ్డోడికి గట్టి బూట్లు

డెన్వర్‌లో కార్వింగ్ బోర్డు, గట్టి బూట్లు కొందామని వెళ్తే షాపులో ఉన్నవన్నీ మెత్తటి బూట్లే! గట్టివి స్కీయింగు వాళ్ళకేనట.

మొదట్నుంచీ ఇంతే అనుకునేరు. 1965లో షెర్మన్ పాపెన్ (మనలాంటి ఇంజనీరే) కూతుళ్ళ కోసం రెండు స్కీలు కలిపి బిగిస్తే ఈ ఆట పుట్టింది. 1998 నగానో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినప్పుడు రెండే రకాల పోటీలు: జెయింట్ స్లాలం, హాఫ్‌పైప్. కుర్రకారు రెండోదానికి పడిపోయారు. గంతులెయ్యాలంటే చీలమండ వంగాలి, అందుకే మెత్తటి బూటు గెలిచింది. సన్నటి బోర్డుని అంచు మీద నిలబెట్టి మంచుని కోసుకుంటూ పోవాలంటే మాత్రం గట్టిదే కావాలి. కాలి ఒత్తిడి మధ్యలో వృథా కాకుండా అంచుకి చేరుతుంది. 2018లో ఎస్తర్ లెడెట్స్కా ఒకే ఒలింపిక్స్‌లో స్కీల మీద ఒకటి, ఇలాంటి బోర్డు మీద ఒకటి, రెండు స్వర్ణాలు కొట్టింది.

ఫోన్లో చెప్తే నాయిన "ఎల్లారెడ్డోనికి మంచెందుకురా? ఇంటికి స్లాబెయ్యాలె" అన్నడు. కామారెడ్డి దగ్గర తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 నిండకుండానే ఎవరెస్టెక్కలేదా అన్నా.

"ఆ పిల్లను సర్కారు పంపింది. నిన్నెవరు పంపుతున్నరు? క్రెడిట్ కార్డా?"

లాజిక్కు కరెక్టే :) బూట్లు మాత్రం వేరే ఊరెళ్ళి, తొడిగి చూసి కొన్నా. పాదానికి పట్టకపోతే ఎంత మంచి బోర్డైనా దండగ. బోర్డు స్లాబయ్యాక.