ఫెల్డ్‌స్పార్ ఎటు పోయింది?

తిరుమల కొండ కింద అలిపిరి దాటకముందే ఎండ చురుక్కుమంటోంది. పక్కనే ఉన్న గ్రానైటు గుండు మీద అరచెయ్యి పెట్టండి. గరుకుగా, వేడిగా తగులుతుంది. ఇప్పుడు మొహం దగ్గరగా పెట్టి చూడండి. మూడు రకాల పలుకులు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. గాజుముక్కలా మసగ్గా మెరిసేది క్వార్ట్‌జ్, మన పలుగురాయి. తల కాస్త పక్కకు తిప్పగానే చదునైన ముఖంతో తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. ఈ రాయిలో సగానికి పైగా అదే. మధ్యమధ్య నల్లటి రేకులు కాకిబంగారం, గోటితో గీకితే ఊడొస్తాయి.

పలుకులు కంటికి ఆనేంత పెరిగాయంటే, కరిగిన రాయి భూమి లోపల కిలోమీటర్ల లోతున తీరిగ్గా చల్లారిందన్నమాట. అది జరిగి దాదాపు 250 కోట్ల ఏళ్లు.

బండి ఘాట్ ఎక్కుతోంది. కొండ కింది భాగమంతా గుండ్రటి బండలతో వాలుగా ఉంటే, పైన ఎర్రటి గోడ నిట్టనిలువుగా, పొరలు పొరలుగా లేచింది. రెండూ కలిసేచోట చూడాలని మీకుంటుంది. "ఇక్కడ ఆపేదానికి లేదు సార్" అంటాడు డ్రైవరు. ముందు బస్సు మలుపులో తడబడింది కాబట్టి బతికిపోయాం. అదిగో ఆ గీత! కింద గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని దీని పేరు. జియలాజికల్ సర్వే జాతీయ స్మారకాల జాబితాలో ఉంది. బస్సులోవాళ్లు గోవిందనామాల్లో ఉన్నారు, ఒక్కరూ ఇటు చూడలేదు.

కింది రాయికీ పై రాయికీ వయసు తేడా తక్కువలో తక్కువ 50 కోట్ల ఏళ్లు. ఆ మధ్యకాలానికి సాక్ష్యంగా ఇక్కడ ఒక్క పొర కూడా లేదు. అంత లోతున పుట్టిన గ్రానైటు బయటపడాలంటే దాని నెత్తిన ఉన్నదంతా అరిగిపోవాలి. అరిగింది. అప్పటికి నేల మీద గడ్డిపోచ లేదు, మట్టిని పట్టి ఆపే వేరు లేదు. వాన నేరుగా బండ మీదే పడేది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీరు పలచటి ఆమ్లం. పలుగురాయిని అది దాదాపు ఏమీ చేయలేదు. ఫెల్డ్‌స్పార్‌లోంచి మాత్రం పొటాషియం, సోడియం లాగేసుకుని, మిగిలినదాన్ని బంకమన్ను చేసింది. కాకిబంగారానికీ అదే గతి పట్టింది. మెత్తటి బంకమన్ను నీళ్లలో తేలుతూ దూరం కొట్టుకుపోతే, బరువైన పలుగు రేణువులు ఒడ్డునే ఇసుకగా ఆగిపోయాయి. ఆ ఇసుకే గట్టిపడి పైనున్న క్వార్ట్‌జైటు అయింది.

కొండ మీద శిలాతోరణం దగ్గర దిగండి. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. జనం తోరణం ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మీరు కాసేపు కాళ్లకిందికి చూడండి. విరిగిన రాయి అంచు ఎక్కడ చూసినా ఒకటే ఖనిజం, క్వార్ట్‌జ్. ఎరుపంతా ఇనుము తుప్పు. వేలితో రుద్దినా ఇసుక రాలదు. మామూలు ఇసుకరాయి రేణువుల సందుల వెంట విడిపోతుంది. ఇక్కడ ఆ సందుల్లోకి సిలికా చేరి గట్టిపడింది, అందుకే విరిగినప్పుడు రేణువులే నిలువునా చీలతాయి. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఈ పొరలకు కడప పేరు ఇప్పటికీ నడుస్తోంది.

ఇంతకూ ఇలా ఫెల్డ్‌స్పార్ ఆనవాలు లేకుండా పోవడానికి తీరిక కావాలి. పాకాల వైపు పుట్టి బంగాళాఖాతంలో కలిసే స్వర్ణముఖి ఇసుక గుప్పెడు తీసి చూస్తే తెలుస్తుంది. పలుగుతోపాటు పాలిపోయిన ఫెల్డ్‌స్పార్ ముక్కలూ చేతికొస్తాయి. ఏరు పొట్టిది, కరగడానికి వాటికి వ్యవధి చాలలేదు.