చెరువుకట్టపై చుట్టములు

మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమలో ఏడాది పొడుగున పారు నది యొక్కటియు లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి యీ కొండలలోనే పుట్టినను వాననీటితో దిగువకు సాగిపోవును. అందుచేతనే పూర్వులు చెరువులను నమ్ముకొనిరి. గుడిబండలో పాళెగారగు బైరేగౌడ కట్టించెనని చెప్పెడి అమాని బైరసాగరమే యిందుకు నిదర్శనము.

గుమాస్తాగా నున్న కాలమున నాకు చెరువనగా ఆయకట్టు ఎకరములు, కందాయపు బాకీలు మాత్రమే. ఆ లెక్కపుస్తకములలో పక్షులకు గడి లేదు. ఉద్యోగము ముగిసి, ఉదయమున కట్టపై నడచుట యలవాటైన పిదపనే వానిని చూడ నేర్చితిని.

మాఘ ఫాల్గుణములలో నీరు తగ్గి బురద బయటపడును. సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు ఆత్రముగా మేసి, ఎండలు ముదురకముందే ఉత్తరాపథమునకు మరలిపోవును. తెల్లని తలపై రెండు నల్లని పట్టెలు గల పెద్దబాతు లయితే హిమాలయములనే దాటును. మంగోలియాలో మెడకు పట్టీ తొడిగిన అట్టి బాతు మైసూరు సీమలోని హదినారు చెరువున కనబడినది.

ఇవి పోవు వేళకు మన పొరుగున వేరొక సంసారము సాగుచుండును. బాగేపల్లికి చేరువలో, ఆంధ్రప్రదేశపు చిలమత్తూరు మండలమున వీరాపురము కలదు. అచ్చటి చింతచెట్లపై ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. పసుపుపచ్చని ముక్కు, రెక్కల వెనుక గులాబి వన్నె వాని గురుతులు. గ్రామస్థులు వాని రాకను శుభముగా నెంచి, చెట్లు కొట్టనీయక, హాని చేయనీయక కాపాడుచున్నారు.

వీనిని సైబీరియా కొంగలని పలువు రందురు. అది పొరపాటు. ఇవి భారతదేశపు పక్షులే. నీరును చేపలును ఉన్నచోటికి తరలుచుండును. సైబీరియా నుండి నిజముగా వచ్చుచుండిన తెల్లని క్రౌంచములు రాజస్థానములోని భరతపురమున 2002 తరువాత కానరాలేదు. దూరపు చుట్టము రాకున్న మనము చేయగలది స్వల్పము. ఇంటి బిడ్డ రాకున్న తప్పు మనదే.

చెట్టును కాపాడుట వీరాపురము వంతు. కాని గూటిలోని పిల్లకు చేప కావలెను; చేపకు చెరువు కావలెను. కొంగకు రాష్ట్రపు సరిహద్దు తెలియదు. ఇటు మన చెరువులు పూడి, కాలువలు ఆక్రమణల పాలైనచో, అటు చింతచెట్లు నిలిచియు గూళ్ళు శూన్యమగును. ఇటీవల బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి మన చెరువులకు విడుచుచున్నారు. ఎండిన చెరువు నిండుట సంతోషమే. అయినను ఆ నీటిని మరియొక దశ శుద్ధి చేయవలెనని రైతులు కోరుట సమంజసము. ఆ నీటినే పైరును, చేపయు, పక్షియు త్రాగవలెను గదా!

మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరు జనులు తరతరములుగా కొంగలను సాకినందుననే 2007లో ఆ యూరు సామాజిక రక్షిత ప్రదేశమైనది. చట్టము తరువాత వచ్చినది. మమత ముందే యుండెను.

కనుక సోదరులారా, ఈ వసంతమున బిడ్డలను వెంటబెట్టుకొని మీ ఊరి చెరువుకట్టకు పొండు. ఏ పక్షి వచ్చినది, ఏది రాలేదు, ఒక పుస్తకమున వ్రాయించుడు. నేను నా కాలమున వ్రాయని గడిని వారైన నింపుదురు గాక!