మొహెంజొదారో బాత్రూం వాలు

క్రీ.పూ. 2500 నాటి మొహెంజొదారో బాత్రూం గురించి చదివితే మన అపార్ట్‌మెంట్ మేస్త్రీల మీద కోపమొస్తుంది. కాల్చిన ఇటుకల్ని సందు లేకుండా పేర్చి, నేలంతా ఒక మూలకి వాలు పెట్టారు. అక్కణ్ణుంచి నీళ్ళు గోడలోని తూము గుండా వీధి కాలవలోకి. అందుకే స్నానాల గది చాలావరకు వీధి గోడని ఆనుకునే ఉండేది. మనవాళ్ళేమో టైల్స్ వేసేశాక నీళ్ళు పోసి చూస్తారు. వాలు కింద సిమెంటులోనే రావాలి కదా!

వాసన సంగతి వేరు. పైపు వంపులో కాసిని నీళ్ళు నిలిపి కంపుని ఆపే ఉపాయానికి అలెగ్జాండర్ కమింగ్ పేటెంట్ తీసుకున్నది 1775లో, అదీ మరుగుదొడ్డికి. మన నహానీ ట్రాప్ చేసేదీ అదే. రెణ్ణెల్లు ఆన్‌సైట్ వెళ్తే ఆ నీళ్ళు ఆరిపోతాయి. తాళం ఎవరికైనా ఇచ్చి, వారానికో చెంబు పోయమనండి.