కోలిస్ ఫ్రాక్చర్ - పునరావాసం

ముంజేతిలోని రెండు ఎముకలలో బొటనవ్రేలి వైపునున్న రేడియస్ ఎముక మణికట్టుకు చేరువలో విరిగి, విరిగిన కొన చేతి వెనుక వైపునకు జరుగుటను కోలిస్ ఫ్రాక్చర్ అంటారు. డబ్లిన్ నగర శస్త్రవైద్యుడు అబ్రహాం కోలిస్ దీనిని 1814లో వర్ణించాడు. అప్పటికి ఎక్స్-రే లేదు. అది 1895లో కనుగొనబడింది. జారిపడినపుడు అరచేతిని నేలకు ఆనించుట దీనికి ముఖ్య కారణం. ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలలో ఇది ఎక్కువ. ఎముక ముక్కలు సరైన స్థానంలో నిలిచినచో శస్త్రచికిత్స లేకుండా పిండికట్టుతో నయం చేస్తారు. కట్టు ఎముకను అతికించుటకు తోడ్పడుతుంది. చేతికి పనితనం తిరిగి వచ్చుట మాత్రం వ్యాయామంపై ఆధారపడుతుంది.

కట్టు ఉన్న కాలం

కట్టు సాధారణంగా 5 నుండి 6 వారాలు ఉంచుతారు. ముక్కలు మరల జరుగవచ్చును కనుక మొదటి రెండు, మూడు వారాలలో ఎక్స్-రేతో పరీక్షిస్తారు. వాపు తగ్గుటకు చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచవలెను. మొదటి రోజు నుండే వ్రేళ్ళను పూర్తిగా ముడిచి చాపుట, బొటనవ్రేలితో మిగిలిన వ్రేళ్ళ కొనలను తాకుట, మోచేతిని, భుజాన్ని కదల్చుట అవసరం. చేతిని మెడకు వ్రేలాడదీసి కదల్చకుండా ఉంచినచో వ్రేళ్ళతో పాటు దెబ్బ తగలని భుజం కూడా బిగుసుకొనిపోతుంది.

కట్టు విప్పిన తరువాత

చర్మం పొడిబారి, కండరాలు సన్నబడి, మణికట్టు బిగుసుకొని కనిపించుట సహజం. గోరువెచ్చని నీటిలో చేతిని ఉంచి, మణికట్టును పైకి, క్రిందికి, ప్రక్కలకు వంచుతారు. మోచేతిని నడుముకు ఆనించి అరచేతిని పైకి, క్రిందికి త్రిప్పుట ముఖ్యమైన వ్యాయామం. అన్నం కలుపుకొనుట, తాళం త్రిప్పుట వంటి పనులకు ఈ కదలికలే ఆధారం. తరువాత మెత్తని బంతిని నొక్కుతూ పట్టు పెంచుకొంటారు. బరువులెత్తుటకు వైద్యుని అనుమతి కావలెను. బలవంతంగా వంచుట, గట్టిగా మర్దన చేయుట హానికరం. పట్టు పూర్తిగా కుదుటపడుటకు కొన్ని నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరం పడుతుంది.

ప్రమాద సూచనలు

వ్రేళ్ళు నీలివర్ణం దాల్చుట, చల్లబడుట, తిమ్మిరెక్కుట, నొప్పి అంతకంతకు పెరుగుట కట్టు బిగిసినదనుటకు గుర్తులు. సాంప్రదాయక కట్టుకైనను ఇది వర్తిస్తుంది. ఇట్టి స్థితిలో ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరవలెను. కట్టు విప్పిన పిదప చర్మం నిగనిగలాడుతూ తాకితేనే మంట పుట్టుట, బొటనవ్రేలు హఠాత్తుగా పైకి లేవకపోవుట కూడా వైద్యునికి చూపవలసిన లక్షణాలు.

నివారణ

వృద్ధాప్యంలో స్వల్పంగా జారిపడినందుకే మణికట్టు విరుగుట, ఎముకలు బలహీనపడినవనుటకు తొలి హెచ్చరిక కావచ్చును. ఎముకల సాంద్రత పరీక్ష, తగినంత కాల్షియం, విటమిన్ డి, తడి లేని స్నానాలగది నేల, రాత్రివేళ వెలుతురు తరువాతి కాలంలో తుంటి ఎముక విరిగే ప్రమాదాన్ని తగ్గించుటకు తోడ్పడతాయి.