సెలైనే కదా!

1997 నవంబరు. న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రి. బల్ల మీద మత్తులో ఉన్నామెకు 30 ఏళ్లు. గర్భసంచిలో గడ్డ, క్యాన్సర్ కాదు. పొట్ట కొయ్యక్కర్లేదు. కింది నుంచి సన్నటి కెమెరా గొట్టం పంపి కరెంటుతో గడ్డ తీసేస్తారు. దాన్నే హిస్టెరోస్కోపీ అంటారు.

గర్భసంచి లోపల గోడలు అంటుకుని ఉంటాయి. కంటికి కనబడాలంటే సెలైన్ ఎక్కించి ఉబ్బించాలి. గడ్డ కోస్తున్నకొద్దీ రక్తనాళాలు తెరుచుకుంటాయి, ఒత్తిడితో వచ్చే సెలైన్ వాటిలోకి పోతుంది.

ఆ రోజు ఆపరేషన్ యంత్రం మీటలు తిప్పింది డాక్టరు కాదు, నర్సూ కాదు. దాన్ని అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ సేల్స్‌మన్! ఒంట్లోకి సెలైన్ మితిమీరి చేరి ఆమె చనిపోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆస్పత్రికి వేసిన జరిమానా 30,000 డాలర్లు. ప్రాణానికి అదా లెక్క?

అంతకుముందు ఈ ఆపరేషన్లలో గ్లైసిన్ ద్రావణం వాడేవారు. అది ఒంట్లోకి ఎక్కువ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది, మెదడు వాస్తుంది. సెలైన్‌తో ఆ భయం తక్కువ. అందుకే ‘సెలైనే కదా’ అన్న ధీమా. మోతాదు మించితే అదీ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

లోపలికి పంపిన దాంట్లోంచి బయటికి వచ్చింది తీసేస్తే మిగిలేదే ఒంట్లోకి పోయినట్టు. సక్షన్ సీసాలోదీ, కాళ్ల కింద కట్టిన సంచిలోదీ, నేల మీద ఒలికిందీ అన్నీ కొలవాలి. ‘కింద పోయుంటుందిలే’ అన్న మాటే ప్రమాదం. 2013 నాటి ఏఏజీఎల్ (గైనిక్ సర్జన్ల సంఘం) మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికి హద్దు సెలైన్ అయితే 2500 మిల్లీలీటర్లు, గ్లైసిన్ అయితే 1000. గుండె జబ్బుంటే ఇంకా తక్కువ. లైన్ క్లియర్ లేనిదే బండి కదలదని ఖరగ్‌పూర్ రైల్వేవాళ్లకి ఒకరు చెప్పాలా? అలాగే ఆ హద్దు దగ్గర ఆపరేషనూ ఆగిపోవాల్సిందే. మిగిలిన గడ్డ మరోసారి తీయొచ్చు.

ఝపటాపూర్ అక్కచెల్లెళ్లూ, ఇది చదివి ‘గర్భసంచే తీయించేసుకుంటే పోలా’ అనుకోకండి. ఆ ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికే దేశంలో ముందున్నాయి. గర్భసంచిని నిలిపే పద్ధతి ఈ హిస్టెరోస్కోపీ, లెక్క సరిగ్గా చూస్తే మంచిదే. సంతకం పెట్టే ముందు మాత్రం డాక్టరుగారిని ఒక్కమాట అడగండి: ‘సెలైన్ లెక్క ఎవరు చూస్తారండీ?’