అసీలు కోడియు మాంసపు కోళ్లును: ఒక వంశవిచారము

కోడిజాతుల మాంసపు దిగుబడిని పోల్చు పట్టికలలో మన అసీలు కోడికి కడపటి స్థానమే దొరకుచున్నది. నేటి బ్రాయిలరు ఐదాఱు వారములలో 2 కిలోలు తూగును. అసీలు పుంజు పూర్తిగా ఎదిగిన పిమ్మట 4 కిలోలు దాటినను, దానికి నెలల తరబడి కాలము పట్టును. లెక్క సరియైనదే. కాని అగ్రస్థానమున నున్న జాతుల పుట్టుపూర్వోత్తరములను విచారించినచో, ఆ కడపటి కోడియే వాని పూర్వులలో నొకటి యని తేలును.

'అసీలు' అరబ్బీ పదము. మేలుజాతి యని అర్థము. ఆంధ్రదేశము ఈ కోడికి ముఖ్యమైన ఉనికిపట్టు. మనవారు దీనిని తూకము చూచి పెంచలేదు. పోరు చూచి పెంచిరి. పల్నాటి కథలో బ్రహ్మనాయనికిని నాయకురాలు నాగమ్మకును కోడిపందెము నడచినది. క్రీడాభిరామమున ఓరుగల్లు పందెపు వర్ణన కలదు. ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ యని పేర్లిడి, ఏ దినమున ఏ రంగు గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రమును కూడ కల్పించుకొనిరి. ఆ శాస్త్రమును నమ్మ నక్కరలేదు. పేర్లు మాత్రము పోగొట్టుకొనదగినవి కావు. మా కారిమంగళపు ప్రాంతమున ఈ పెద్దకోడికి 'పెరువిడై' యనియు, చిన్న నాటుకోడికి 'సిరువిడై' యనియు తమిళ నామములే వాడుక. ఇక్కడి తెలుగు పిల్లలకు డేగ యనిన ఆకాశమున నెగురు పక్షియే తోచును గాని ఎఱ్ఱపుంజు తోచదు.

దెబ్బకు తాళవలెనన్న వెడల్పైన ఱొమ్ము, బలిసిన తొడలు కావలెను. పందెగాండ్రు తరతరములుగా ఏరినది దానినే. మాంసము వారి ఉద్దేశము కాకున్నను ఫలితము మాంసమే.

వంగదేశపు సేనలో పనిచేసిన సర్ వాల్టర్ గిల్బర్టు 1820 ప్రాంతమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో అసీలును ఆంగ్లేయ పందెపుకోళ్లతో కలిపి క్రొత్త జాతిని పుట్టించెనని చెప్పుదురు. పోయినది మన పల్నాటి కోడియే యని చాటుట తగదు. ఆయన కొలువు ఉత్తరదేశమున. ఆ జాతికి 'ఇండియన్ గేమ్' అని పేరు. 20వ శతాబ్దారంభమున అమెరికనులు 'ఇండియన్' అను మాటను తొలగించి 'కార్నిష్' అని మాత్రమే నిలిపిరి. వంశము మఱపునకు వచ్చుటకు ఇదియు నొక కారణము.

కార్నిష్ గ్రుడ్లు తక్కువగా పెట్టును. కావున ఱొమ్ముకొఱకు దాని పుంజును, గ్రుడ్లకొఱకు వేఱు జాతి పెట్టను కూర్చిరి. అమెరికాలో 1948లో జరిగిన 'రేపటి కోడి' పోటీలో గెలిచినది వాంట్రెస్ సోదరుల కార్నిష్–న్యూహాంప్‌షైర్ సంకరమే. 1951లోను వారే గెలిచిరి. ఆ పేరు నేటికిని 'కాబ్-వాంట్రెస్' సంస్థలో నిలిచియున్నది. 1971లో వేంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించిన బి.వి. రావు తెలుగువాడు, కాబ్ కోడి 'వెంకాబ్' అను పేరుతో మన దేశమునకు వచ్చినది ఆ సంస్థ ద్వారానే. పోయిన నెత్తురు ఇట్లు తిరిగి వచ్చినది; ఎవరును గుర్తింపలేదు.

తరువాతి వృద్ధి ఎంతటిదో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2014లో చూపిరి. 1957 నాటి వంశము, 1978 నాటిది, 2005 నాటిది ఒకే మేత పెట్టి పెంచగా, 56 దినములకు వరుసగా 905, 1,808, 4,202 గ్రాములు తూగినవి. మేత ఒకటే కావున ఆ భేదము ఏరికదే. ఇంత బరువును మోయలేక కాళ్లును గుండెయు చెడుట కూడ ఆ ఏరికలోని భాగమే; పట్టికలలో దానికి గడి యుండదు.

అసీలును వెనుకకు త్రోయక వాడుకొన్నవారును కలరు. ఇజ్జత్‌నగరులోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థవారు దానితో సంకరము చేసి 'కారి నిర్భీక్' అను పెరటి కోడిని రూపొందించిరి. మా సంతల మాట వేఱు. పట్టికలో కడపటిదైన పెరువిడైకే ఇక్కడ బ్రాయిలరుకన్న మిక్కిలి హెచ్చు ధర పలుకుచున్నది; కొనువారు నేటికిని ముందుగా తడవి చూచునది దాని ఱొమ్మునే.