ప్రశ్నకు వెల యెంత?

కొన్నాళ్ళ క్రిందట నా మిత్రుడొకడు టెలివిజనులో ప్రశ్నోత్తరముల పోటీ చూచుచు నన్నొక మాట యడిగెను. "కోటి రూపాయలిత్తుమని యింత ఆర్భాటము చేయుచున్నారు గదా! ఆ కుర్చీలో కూర్చున్నవానికి నిజముగా తగినంత ముట్టుచున్నదా?" అని. నీడపట్టున కూర్చుండి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పినందులకు కోటి చాలదా యని నేను నవ్వితిని. కాని యింటికి వచ్చిన పిదప ఆ మాట నన్ను విడువలేదు. ఈ ఆట చరిత్ర కొంత చదివి చూడగా, నా నవ్వు తొందరపాటని తోచినది. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయుదును.

ఈ ఆటకు పుట్టినిల్లు టెలివిజను కాదు, రేడియోయే. 1940లో అమెరికాలో సిబియస్ రేడియో "టేకిట్ ఆర్ లీవిట్" అను కార్యక్రమమును ప్రారంభించినది. పుచ్చుకొనుము, లేదా విడిచిపెట్టుము అని దాని కర్థము. మొదటి ప్రశ్నకు ఒక డాలరు. తరువాత రెండు, నాలుగు, ఎనిమిది. ఇట్లు ఇబ్బడి యగుచు ఏడవ ప్రశ్నకు 64 డాలర్లు. మెట్టు మెట్టునను ఆగి సొమ్ము తీసికొని పోవచ్చును. సాహసించి తప్పినచో వచ్చినదియు పోవును. ఆ దినములలో 64 డాలర్లనగా కర్మాగారపు పనివానికి రెండు వారములకు పైబడిన వేతనము. గెలిచినవాడు సంతసించెను, ఓడినవాడు నలుగురితో నవ్వి యిల్లు చేరెను. ఎవరికిని పెద్ద నష్టము లేదు. "అరువదినాలుగు డాలర్ల ప్రశ్న" అను పలుకుబడి మాత్రము ఆంగ్లమున నిలిచిపోయినది.

1955 జూన్ 7వ తేదీన అదే ఆట టెలివిజను కెక్కినది. చివరి మెట్టుపై మూడు సున్నలు చేరి అరువదినాలుగు డాలర్లు అరువదినాలుగు వేలైనవి. ఇంత సొమ్ము ఎవరిది? పెదవులకును గోళ్ళకును పూయు రంగులను తయారుచేయు రెవ్లాన్ కంపెనీవారిది. వారు దాతలై యిచ్చిరని తలపవలదు. ఆ యొక్క సంవత్సరములో వారి అమ్మకములు సగమునకు మించి పెరిగినవి. పెరిగినది కోటి డాలర్లకు పైమాట. బహుమానములు వేలలో లెక్క. కావున ఇచ్చినవాని లాభముతో తూచినచో, పుచ్చుకొన్నవానిది స్వల్పమే.

అట్లయిన బహుమానమును పెంచినచో న్యాయము జరుగును గదా యని మీరనవచ్చును. పెంచి చూచిరి. 1956లో ఎన్‌బిసి వారు "ట్వంటీ వన్" అను పోటీ నెలకొల్పిరి. అందు గెలుచుచున్నంతకాలము ధనము పోగగుచునే యుండును. హెర్బర్ట్ స్టెంపెల్ అను కళాశాల విద్యార్థి వారము వారమును గెలిచి 69,500 డాలర్ల వరకు వచ్చెను. జవాబులను అతనికి ముందుగనే నిర్వాహకులు చెప్పియుంచిరన్న సంగతి చూపరు లెరుగరు. కొంతకాలమునకు ఈ మొగము చాలునని నిర్వాహకులకు తోచినది. ఓడిపొమ్మని యతని నాజ్ఞాపించిరి. డిసెంబరు 5న, అంతకుముందటి సంవత్సరపు ఉత్తమ చలనచిత్ర మేదియని యడుగగా, తనకు చక్కగా తెలిసిన "మార్టీ" పేరు చెప్పక వేరొక చిత్రము పేరు చెప్పి యతడు దిగిపోయెను. అతని స్థానమునకు వచ్చిన చార్లెస్ వాన్ డోరెన్ కొలంబియా విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడు. ఆయన 1,29,000 డాలర్లు గెలిచెను. ఆయనకును జవాబులు ముందే అందినవి. 1958లో గుట్టు రట్టైనది. 1959 నవంబరు 2న వాన్ డోరెన్ శాసనసభ ఉపసంఘము ఎదుట తన తప్పు నొప్పుకొనెను. మరుసటి యేట ఇట్టి మోసమును నేరముగా నెంచు చట్టము వచ్చినది.

ఈ కథ చదివినప్పుడు నా మనస్సు గెలిచినవానిపై నిలువలేదు, ఓడినవానిపై నిలిచినది. తెలిసిన జవాబును మ్రింగుకొని కోట్లమంది యెదుట తెలివితక్కువవాడనిపించుకొనుటకు ఏమి వెల కట్టగలము? ఓడువాడు లేనిదే ఆట లేదు. ఆ సంగతి నిర్వాహకు లెరుగుదురు. కనుకనే వారు ఓటమిని గూడ కొనిరి.

మోసము లేని ఆటలలో సైతము ఓడినవాని గతి విచారింపదగినదే. "జెపర్డీ" యను అమెరికా పోటీలో దినమునకు ముగ్గురు ఆడుదురు. తాను కూడబెట్టిన సొమ్ము గెలిచిన యొక్కనికే దక్కును. రెండవవానికి 2,000, మూడవవానికి 1,000 డాలర్లని 2002లో నిర్ణయించిరి. ఆ మొత్తములు 2023 వరకు కదలలేదు. అప్పుడు ఒక్కొక్క వేయి పెంచిరి. దూరప్రాంతము నుండి లాస్ ఏంజెలిస్ చేరుటకు రానుపోను ఖర్చును, బస ఖర్చును సాధారణముగా పోటీదారుడే పెట్టుకొనవలెను. ఇరువదియొక్క సంవత్సరములలో విమానపు టిక్కెట్టు ధర కదలక యుండునా?

ఇక మన దేశమునకు వత్తము. 2000 జూలై 3న "కౌన్ బనేగా కరోడ్‌పతి" మొదలైనది. ఇది 1998లో ఇంగ్లండున పుట్టిన ఆటకు మన రూపము. మొదటి బహుమానము కోటి రూపాయలు. అప్పుడు పది గ్రాముల బంగారము సుమారు 4,400 రూపాయలు. కోటితో ఇరువదిరెండు కిలోలకు పైగా కొనవచ్చును. మన తెలుగున 2014లో "మీలో ఎవరు కోటీశ్వరుడు", 2021లో "ఎవరు మీలో కోటీశ్వరులు" వచ్చినవి. వానియందును కోటియే. కాని 2021లో ఆ కోటికి వచ్చు బంగారము ఇంచుమించు రెండు కిలోలు. అంకె మారలేదు, దాని బరువు తగ్గినది. దీనికి తోడు, గెలిచిన సొమ్ముపై నూటికి ముప్పది వంతున పన్నును, ఆపై అదనపు సుంకములును కలవు. కోటిలో సుమారు మూడవవంతు చేతికి రాకమునుపే పోవును. ప్రయాణపు ఖర్చులను తీసివేయుటకైనను చట్ట మంగీకరింపదు.

అయినను గెలిచినవానికి చాలదని నేననను. 2011లో ఐదు కోట్లు గెలిచిన బీహారు యువకుడు ఉపాధి హామీ పథకమున నెలకు 6,000 రూపాయల ఉద్యోగి. ఐదు కోట్లనగా అతనికి ఆరువందల తొంబది సంవత్సరముల జీతము. పన్ను పోయినను అది అదృష్టమే.

కుర్చీ వరకు రాలేనివారి మాట యేమి? 2007లో ఆ కార్యక్రమమున ఇంటనుండి చూచువారికి గూడ ఒక పోటీ పెట్టిరి. ఒక్కొక్క సందేశమునకు 2 రూపాయల 40 పైసలు. సుమారు 5 కోట్ల 80 లక్షల సందేశములు వచ్చినవి. లెక్క కట్టినచో పదునాలుగు కోట్లకు కొంచెము తక్కువ. బహుమానము ప్రసారమునకు రెండు లక్షలు. ఇది అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను కోటి రూపాయల దండన విధించినది. బహుమానమును ఆ రాబడినుండియే యిచ్చిరనుటకు ఆధారము చాలదని 2019లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. చట్టము మాట అటుండనిండు. రెండు రూపాయల నలుబది పైసలు పంపి, ఫలితమునకై యెదురుచూచి నిద్రపోయిన కోట్లమందిని నేను మరువజాలకున్నాను.

మొన్న నా మిత్రుడు మరల కనబడెను. "నీ ప్రశ్న సరియైనదే గాని, దాని నడుగవలసినది గెలిచినవానిని గూర్చి కాదు" అని చెప్పితిని. గెలిచినవానికి ధనమున్నది, పేరున్నది. సెలవు పెట్టి, బస్సెక్కి, వారములు చదివి, రెండవ ప్రశ్నకే దిగిపోయి, పొరుగువారి యెదుట తల వంచుకొని వచ్చినవానికి ఏమున్నది? అతడు లేక ఆ గెలుపునకు వెలుగు లేదు, ప్రకటనకర్తకు లాభము లేదు. అతని ప్రయాణపు ఖర్చును, పోయిన దినముల కూలియు నిచ్చుట దానము కాదు, బాకీ తీర్చుట. ఆ బాకీ తీరిననాడు బహుమానము కోటియైనను, అరువదినాలుగు డాలర్లైనను, నాకు సమ్మతమే.